పద్యం పాడిన గొంతుతో జాజ్ పాడటం ఎలా

నెల్లూరు టౌన్ హాల్లో, ఒంగోలు ఎన్టీఆర్ కళాక్షేత్రంలో, ఊళ్లలో తిరునాళ్లప్పుడు తెల్లవార్లూ సాగే పౌరాణిక నాటకాల్లో పద్యం పాడి నిలబెట్టిన గొంతుకు జాజ్ అందని మానిపండేమీ కాదు. ఊపిరి సరిపోతుంది, స్వరజ్ఞానం సరిపోతుంది, జనం ముందు నిలబడే ధైర్యం ఎటూ ఉంది. చిక్కు వేరే చోట ఉంది. నాటకంలో హార్మోనియం మీ వెంట నడుస్తుంది. మీరు రాగం తీస్తున్నంతసేపూ ఆగుతుంది, మీరు దిగినప్పుడు దిగుతుంది. జాజ్ బ్యాండు అలా ఆగదు. గాయకుడు నోరు మూసుకున్నా బార్లు (నాలుగేసి దెబ్బల కొలతలు) వెళ్లిపోతూనే ఉంటాయి. అందుకని మొదటి ఆరు నెలల్లో పాటలు పోగేసుకోవద్దు. లెక్క తప్పకుండా ఉండటం, గొంతు తగ్గించుకోవడం, ఈ రెండే చూసుకోండి. ఈ రెండూ రాకుండా నలభై పాటలు నేర్చుకున్నా ఏ పియానిస్టూ రెండోసారి పిలవడు.

వేరే కళ నుంచి జాజ్‌కి రావడం కొత్త సంగతి కాదు. అమెరికన్ జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ 1934 నవంబరు 21న న్యూయార్క్ అపోలో థియేటర్‌లో కొత్తవాళ్ల పోటీకి వచ్చింది డాన్సు చేద్దామని. తనకు ముందు స్టేజీ ఎక్కిన అక్కాచెల్లెళ్ల డాన్సు చూసి, ఇక ఆ పని మనవల్ల కాదనుకుని పాట పాడింది, గెలిచింది. ఆమె పాటలో తాళం అంత గట్టిగా ఉండటానికి కాళ్లలో ఉన్న లెక్క ఒక కారణం. గాయకుడు నాట్ కింగ్ కోల్ మొదట పియానిస్టు. గాయని సారా వాన్ న్యూవార్క్‌లోని బాప్టిస్టు చర్చిలో పియానో, ఆర్గన్ వాయించిన మనిషి. వీళ్లిద్దరూ ఏ స్వరం కింద ఏ కార్డు (ఒకేసారి మోగే స్వరాల గుత్తి) కదులుతోందో ముందే తెలిసి పాడేవాళ్లు. మన దేశం నుంచి ఆశా పుత్లి హిందుస్తానీ సాధన, డాన్సు రెండూ వెంటబెట్టుకుని అమెరికా వెళ్లి, 1971లో శాక్సోఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్‌మన్ రికార్డింగులో పాడారు. ఒకరు కాళ్లలో, ఒకరు వేళ్లలో ఏదో ఒకటి తెచ్చుకున్నవాళ్లే. పద్యనాటకం నుంచి వచ్చేవాళ్లు తెచ్చేది మాట. అర్థం తెలిసి విరిచి పలకడం, ఎక్కడ ఊపిరి తీసుకుంటే భావం తెగదో తెలిసి ఉండటం. నెమ్మదిగా సాగే జాజ్ పాటకు, అంటే బాలడ్‌కి ఇంతకన్నా మంచి పెట్టుబడి లేదు.

ముందు లెక్క

మామూలు జాజ్ పాటకు 32 బార్లు. ఎనిమిదేసి బార్ల చొప్పున నాలుగు ముక్కలు: మొదటిది, అదే మళ్లీ, ఆ తర్వాత వేరే వరస, చివర మొదటి వరసే. దీన్ని ఎ-ఎ-బి-ఎ అంటారు, మధ్యలో వచ్చే వేరే వరసను బ్రిడ్జి అంటారు. బార్‌కి నాలుగు దెబ్బలు. ఆవర్తనానికి ఎనిమిది దెబ్బలుండే ఆదితాళంలో చెప్పుకుంటే ఒక్కో ముక్క నాలుగు ఆవర్తనాలు, పాట మొత్తం పదహారు ఆవర్తనాలు. ఈ పదహారూ ఒక చుట్టు. దానికి కోరస్ అని పేరు. బ్లూస్ అనే రకం పాట అయితే 12 బార్లు, అంటే ఆరు ఆవర్తనాలు. పాట ఎంతసేపు సాగినా ఈ చుట్టే తిరుగుతుంటుంది. మీరు పాడినా, శాక్సోఫోన్ వాయించినా, డ్రమ్మర్ ఒంటరిగా వాయించినా చుట్టు మారదు.

పద్యానికి తాళం లేదు కాబట్టి ఇక్కడ చాలామంది బోల్తాపడతారు. శార్దూలంలో పదమూడో అక్షరం యతి అని లోపల లెక్క ఉంటుంది గానీ, అది అక్షరాల లెక్క, కాలం లెక్క కాదు. పాదానికి పదిహేను సెకన్లు తీసుకున్నా ఎవరూ అడగరు. ఇక్కడ అడుగుతారు.

సాధన ఇలా చేయండి. ఫోన్లో మెట్రోనోమ్ (టిక్కులు కొట్టే యాప్) పెట్టి నిమిషానికి 60కి తిప్పండి. ఆ టిక్కులు ఒకటి, మూడు కావు. రెండు, నాలుగు. అంటే టిక్కుకు ముందు మీరు "ఒకటి" అనాలి, టిక్కు మీద "రెండు", టిక్కు లేని చోట "మూడు", టిక్కు మీద "నాలుగు". అప్పుడు పాట నడక 120 అవుతుంది. భజనలో తాళం మొదటి దెబ్బ మీద పడటం మన చేతులకు అలవాటు కనుక, మొదట్లో నిమిషం తిరక్కముందే టిక్కు జారి ఒకటి మీదికి వచ్చేస్తుంది. జారిన సంగతి పాడుతున్నప్పుడు తెలియదు. ఫోన్లో రికార్డు చేసి వినండి, జారిన చోటు దొరుకుతుంది. సాధారణంగా అది పొడుగు స్వరం పట్టిన చోటే ఉంటుంది.

అయిదు నిమిషాలు జారకుండా లెక్కపెట్టగలిగాక అదే టిక్కు మీద పాట పాడండి. ఆ తర్వాత 50, ఆపైన 40కి దించండి. నెమ్మది నడకే కష్టం. 40 మీద, అంటే పాట 80లో నడుస్తున్నప్పుడు, 32 బార్లు పాడి సరిగ్గా మొదటి దెబ్బకు తిరిగి రాగలిగితే బ్యాండు ముందు నిలబడొచ్చు.

ఇక స్వింగ్, అంటే జాజ్ నడకలోని ఊపు. ఒక దెబ్బను సమానంగా రెండు ముక్కలు చేయరు. తిశ్రంలా మూడు చేసి, మొదటి రెండూ కలిపి సాగదీసి, మూడోదాన్ని పొట్టిగా విడుస్తారు. "తకిట" అనుకుంటూ "త" మీద "కి"ని కలిపేసి, "ట"ని తేలిగ్గా వదలండి. ఇది మధ్యస్థపు నడకకు. వేగం 200 దాటేసరికి రెండు ముక్కలూ దాదాపు సమానమవుతాయి. ఆ వేగంలో కూడా తిశ్రాన్ని పట్టుకుని వేలాడితే గుర్రబ్బండి మీద కూర్చుని పాడినట్టుంటుంది.

జాజ్ గాయకులు దెబ్బకు కొంచెం వెనకగా పాడతారు. గాయని బిల్లీ హాలిడే రికార్డులు వింటే ఇది బాగా తెలుస్తుంది. పద్యం పాడినవాళ్లకు ఈ వెనకబాటు చాలా తొందరగా వచ్చేస్తుంది, అదే ప్రమాదం. వాక్యం ఎంత ఆలస్యంగా ఎత్తుకున్నా ఫర్వాలేదు, ఏడో బార్‌కి వాక్యం ముగిసిపోవాలి. ఎనిమిదో బార్ ఊపిరికి, బ్యాండుకి వదిలేయాలి. అక్కడ కూడా రాగం తీస్తూ ఉంటే తర్వాతి ముక్క మొదటి మాట మింగేస్తారు.

తాళం లేకుండా పాడే చోటు జాజ్‌లో ఒకటి ఉంది. పాత నాటకశాలల పాటలకు అసలు పాటకు ముందు వర్స్ అని ఒక ఎత్తుగడ ఉంటుంది. దాన్ని పియానో ఒక్కటే తోడుగా, లెక్క లేకుండా, దాదాపు మాట్లాడినట్టు పాడతారు. మీ బలమంతా అక్కడ చూపించండి. చాలామంది గాయకులు వర్స్ వదిలేసి నేరుగా పాటలోకి వెళ్తారు. మీరు వదలొద్దు. పద్యం నడిపినట్టే నడపండి, చివరి మాట మీద ఆగి, పియానిస్టు వైపు చూసి, అక్కడి నుంచి లెక్కలోకి దిగండి.

శ్రుతి పెంచడం కాదు, దించడం

నాటకంలో మగవాళ్లు నాలుగు, నాలుగున్నర, అయిదు శ్రుతిలో పాడతారు. హార్మోనిస్టు "ఇంకొంచెం పెంచుదామా అన్నా" అంటే వద్దనేవాళ్లు తక్కువ. చివరి వరసలో కూర్చున్న ముసలాయనకు కూడా వినపడాలి కాబట్టి ఆ ఎత్తు అక్కడ అవసరం. జాజ్ గానం మైకుతోపాటు పెరిగిన గానం. మాట్లాడే గొంతుకు దగ్గరగా పాడటం అందులోని పద్ధతి.

శ్రుతి ఎంచుకునే తీరు కూడా వేరు. ఇక్కడ మనిషికి ఒక శ్రుతి ఉండదు, పాటకు ఒక శ్రుతి ఉంటుంది. పాటలో అన్నిటికన్నా కింది స్వరం, అన్నిటికన్నా పై స్వరం కాగితం మీద రాసుకోండి. తర్వాత పాట మొదటి వాక్యాన్ని పాడకుండా మామూలుగా ఎవరితోనో చెప్పినట్టు చెప్పండి. ఆ మాట ఏ ఎత్తులో పలికిందో హార్మోనియం మీద వెతకండి. పాట నడుమభాగం ఆ మెట్టు చుట్టుపక్కల పడేలా శ్రుతి పెట్టుకోండి. నాటకంలో మీరు తేలిగ్గా అందుకునే పై స్వరం కన్నా ఈ పాటలో పై స్వరం మూడు నాలుగు మెట్లు కిందే ఉంటుంది. ఉండాలి కూడా. మొదట్లో పాట చప్పగా ఉందనిపిస్తుంది. రికార్డు చేసి విన్నాక ఆ మాట అనరు.

బ్యాండువాళ్లతో శ్రుతి సంఖ్యల్లో చెబితే అర్థం కాదు. ఒకటి అంటే సి, రెండు డి, మూడు ఇ, నాలుగు ఎఫ్, అయిదు జి, ఆరు ఎ, ఏడు బి. ఒకటిన్నర డి ఫ్లాట్, రెండున్నర ఇ ఫ్లాట్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, అయిదున్నర ఎ ఫ్లాట్, ఆరున్నర బి ఫ్లాట్. శాక్సోఫోన్, ట్రంపెట్ ఉన్న బ్యాండయితే నాలుగు, ఆరున్నర, రెండున్నర వాళ్లకు చేతికి బాగా అందుతాయి. ఒక మెట్టు అటూఇటూ అయినా మీకు ఇబ్బంది లేకపోతే ఈ మూడింటిలో ఒకదానికి సర్దుకోండి. వాళ్లకు సంతోషంగా ఉంటుంది, తప్పులూ తగ్గుతాయి.

హార్మోనియాన్ని పారేయొద్దు

పియానో కొనాలనే తొందర వద్దు. ఇంట్లో ఉన్న హార్మోనియం మొదటి ఏడాదికి సరిపోతుంది. పైగా దాంతో ఒక మేలు ముందే జరిగిపోయింది. తంబురాకు కలిపిన అంతర గాంధారం పియానో గాంధారం కన్నా దాదాపు 14 సెంట్లు కింద ఉంటుంది. సెంటు అంటే పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరోవంతు. తంబురా మీద పెరిగిన కర్ణాటక గాయకులకు పియానో పక్కన గాంధారం దిగినట్టు వినపడేది అందుకే. హార్మోనియం మెట్లు పియానో లెక్కకు దగ్గరగా ఉంటాయి కాబట్టి, నాటకాల గొంతుకు ఆ బాధ తక్కువ.

మీకు కొత్త విషయం కార్డులు కదలడం. మన సంగీతంలో షడ్జం కదలకుండా కింద నిలబడి ఉంటుంది. జాజ్‌లో మీరు ఒకే స్వరం పట్టుకుని ఉన్నా కింద నేల మారుతుంటుంది. డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్ అనే మూడు కార్డుల వరస జాజ్ పాటల్లో అడుగడుగునా వస్తుంది. సి షడ్జం అనుకుంటే మొదటిది రి-మ-ధ-స, రెండోది ప-ని-రి-మ, మూడోది స-గ-ప-ని. మధ్యమం శుద్ధం, గాంధారం అంతరం, నిషాదం కాకలి, రిషభ ధైవతాలు చతుశ్రుతి.

ఎడమచేత్తో బెల్లోస్ కొడుతూ కుడిచేత్తో నాలుగేసి మెట్లు నొక్కడం కష్టం, అక్కర కూడా లేదు. రెండు మెట్లు చాలు. మొదటి కార్డుకి మ, పై స. రెండోదానికి మ అలాగే ఉంచి స నుంచి నికి ఒక్క మెట్టు దిగండి. మూడోదానికి ని అలాగే ఉంచి మ నుంచి గకి ఒక్క మెట్టు దిగండి. ఒక్కో మార్పుకి కదిలేది ఒక్క వేలు, ఒక్క మెట్టు. కార్డు రుచంతా ఈ రెండు స్వరాల్లోనే ఉంటుంది. కార్డుకి నాలుగు దెబ్బల చొప్పున వాయిస్తూ ముందు స-ని-ని అని పాడండి, తర్వాత మ-మ-గ అని పాడండి. రోజూ పది నిమిషాలు, నెల రోజులు. తర్వాత షడ్జాన్ని నాలుగు శ్రుతికి, ఆరున్నరకు, రెండున్నరకు మార్చి ఇదే చేయండి. ఈ పని విసుగ్గా ఉంటుంది, కానీ తర్వాత చెప్పబోయే స్వేచ్ఛ అంతా దీని మీదే నిలబడుతుంది.

గమకం సంగతి ఇక్కడే. కార్డులో గాంధారం ఉన్నప్పుడు దాన్ని మధ్యమం వైపు ఊపితే కార్డు చెడుతుంది. స్వరాన్ని నిలువుగా పట్టి, చివర మాత్రం కాస్త వణికించి వదలాలి. జారుడు మాత్రం పనికొస్తుంది. బ్లూస్‌లో సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడా ఆగకుండా జారే స్వరం ఉంది. నాటకం గొంతు దాన్ని మొదటిరోజే పట్టేస్తుంది.

మైకు

నాటకం స్టేజీ అంచున వరసగా నిలబెట్టిన మైకుల దగ్గరకు నడిచివచ్చి, అడుగు దూరం నుంచి పాడటం మీకు అలవాటు. జాజ్‌లో మైకు నోటికి 5 నుంచి 8 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. మెల్లగా పాడేటప్పుడు ఇంకా దగ్గరకు తెచ్చుకోవచ్చు. అలా తెస్తే కింది స్వరాలు బొద్దుగా వినపడతాయి, అది ఆ రకం మైకుల గుణం. గొంతు పెంచేముందు మైకును 15, 20 సెంటీమీటర్లు దూరం జరపాలి. పెంచాక జరిపితే లాభం లేదు, అప్పటికే స్పీకరు అరిచేసి ఉంటుంది. మైకు జాలీని గుప్పిట్లో మూయొద్దు. మూస్తే వెనక వైపు శబ్దాన్ని అడ్డుకునే గుణం పోయి, మానిటర్ (మీ పాట మీకు వినిపించే స్టేజీ స్పీకరు) నుంచి కూత మొదలవుతుంది.

మన సౌండువాళ్లు అడక్కుండానే ఎకో పెడతారు. పెళ్లి ఆర్కెస్ట్రాలో అందరూ అదే అడుగుతారు మరి. ముందుగానే వెళ్లి, మర్యాదగా, పూర్తిగా తీసేయమనండి. ఎకో ఉంటే దెబ్బల మధ్య పడే పొట్టి మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడి, స్వింగ్ అనేది వినపడకుండా పోతుంది. కాస్త రివర్బ్ (గది మోత) చాలు.

అభినయం కూడా ఇదే కొలతలో దిగాలి. వినేవాళ్లు మూడు మీటర్ల దూరంలో కూర్చుని ఉంటారు. కనుబొమ కదిలినా వాళ్లకు కనపడుతుంది. చెయ్యి చాచి చూపాల్సిన పని లేదు.

ఇంగ్లిష్ మాట

పాటను తెలుగు లిపిలో రాసుకుని నేర్చుకోవడం తేలిక, నష్టం కూడా అందులోనే ఉంది. తెలుగు లిపిలో ప్రతి అచ్చూ పొట్టో పొడుగో తేల్చి రాయాలి. ఇంగ్లిష్‌లో బరువు పడని అచ్చులు సగం మింగేసినట్టుంటాయి. ఇంగ్లిష్‌లోనే రాసుకుని, బరువు పడే అక్షరం కింద గీత పెట్టుకోండి. ఆ గీతలున్న అక్షరాలు ఒకటో దెబ్బ మీదో మూడో దెబ్బ మీదో పడుతున్నాయో లేదో చూసుకోండి.

మన నోటికి ఉన్న అలవాట్లు నాలుగు. మాట చివర హల్లు ఉంటే ఉకారం చేర్చడం మొదటిది. "బుక్" అన్నది "బుక్కు" అవుతుంది, పాటలో అది లేని అక్షరాన్ని పుట్టించి లెక్క పాడుచేస్తుంది. "ఎ"తో మొదలయ్యే మాటకు ముందు "య", "ఒ"తో మొదలయ్యేదానికి ముందు "వ" తగిలించడం రెండోది. "యెవ్రీ", "వొన్లీ" అని రికార్డులో వినపడితే సరిచేసుకోండి. ట, డ అక్షరాలకు నాలుక మడిచి అంగిలికి కొట్టడం మూడోది. ఇంగ్లిష్‌లో నాలుక కొస పై పళ్ల వెనక చిగురుకు తగులుతుంది, అంతే. పదంలో అన్ని అక్షరాలకూ సమానంగా బరువు వేయడం నాలుగోది. ఇది అన్నిటికన్నా మొండిది. అమెరికన్ యాస తెచ్చిపెట్టుకోవాలని ఎవరూ అనడం లేదు. నెల్లూరు యాస ఉన్నా ఫర్వాలేదు, మాట అర్థమై బరువు సరిగ్గా పడితే చాలు.

పొడుగు స్వరం పట్టేటప్పుడు అచ్చును పట్టాలి. మాట చివర మ, న ఉంటే వాటి మీదా సాగదీయొచ్చు, అది జాజ్‌లో అందమే. ర మీద మాత్రం సాగదీయొద్దు.

సొంతంగా కట్టడం

రాగం తీయడం వచ్చు కదా, జాజ్‌లో అదే చేసేద్దాం అనుకుంటారు. మోహనం అందుకుంటారు. ఒకే శ్రుతిలో నడిచే పాట మీద మోహనం ఎక్కడా తగాదా పెట్టదు, నిజమే. కానీ మోహనంలో లేని స్వరాలు మ, ని. పైన హార్మోనియం మీద కార్డు మార్పును చూపించిన స్వరాలు కూడా మ, ని. అందుకే మోహనంలో ఎంత బాగా పాడినా కార్డులు మారుతున్న సంగతి గొంతులో వినపడదు. రెండు కోరస్‌ల తర్వాత విసుగు పుడుతుంది. బ్రిడ్జిలో చాలాసార్లు శ్రుతే మారిపోతుంది కాబట్టి అక్కడ పాత షడ్జం మీద మోహనం పాడితే నేరుగా తగాదాయే.

కాబట్టి సొంత కల్పన మూడు కోరస్‌లుగా నేర్చుకోండి. మొదటి కోరస్‌లో పాట ఉన్నదున్నట్టు. రెండోదాంట్లో స్వరాలు మార్చకుండా కాలం మాత్రం మార్చండి, మాటలు ముందూ వెనకా జరపండి. మూడోదాంట్లో మాత్రమే స్వరాలు మార్చండి, అదీ మ-గ, స-ని దిగుళ్లు వచ్చే చోట ఆ స్వరాలకు తగిలేలా. నెలకు రెండు పాటలకు మించి ఇలా చేయలేరు, చేయనక్కర్లేదు. బ్లూస్‌కి స-గ-మ-మ-ప-ని పనికొస్తాయి, గాంధారం సాధారణం, శుద్ధ మధ్యమం, ప్రతి మధ్యమం రెండూ పక్కపక్కనే, నిషాదం కైశికి. రెండు మధ్యమాలు ఆనించి పాడటానికి మొదట నోరు ఒప్పుకోదు. వారం తర్వాత ఒప్పుకుంటుంది.

స్కాట్ అంటే మాటలు లేకుండా అక్షరాలతో పాడటం. మనవాళ్లు వెంటనే తకిట తధిమి మొదలుపెడతారు. జతుల్లో ప్రతి అక్షరమూ గట్టిగా కొట్టుకుంటుంది, పైగా బరువు దెబ్బ మీద పడుతుంది. స్కాట్‌లో బరువు చాలావరకు దెబ్బల మధ్య పడాలి. ద, బ, వ లాంటి మెత్తటి అక్షరాలతో, "దూ-బ, దు-వా" అని రెండు బార్ల ముక్కలు పాడి, రెండు బార్లు ఊరుకోండి. ఊరుకోవడమే కష్టం. పద్యం చివర ఒక సంగతి పడి జనం "వన్స్ మోర్" అంటే మళ్లీ ఎత్తుకోవడం నాటకంలో గౌరవం. ఇక్కడ మీ కోరస్ అయిపోగానే చప్పట్లు కొడతారు, ఆ చప్పట్ల మీదే శాక్సోఫోన్ మొదలైపోతుంది. వెనక్కి తగ్గి వినాలి.

తోడు వాయించేవాళ్లు

నెల్లూరులో, ఒంగోలులో జాజ్ పియానిస్టు కోసం సినిమా ఆర్కెస్ట్రాల్లో వెతుకుతారు. చర్చిల్లో వెతకండి. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో మొదలైంది. ఒంగోలుకు మిషనరీ జాన్ క్లౌ 1866లో వచ్చారు. అప్పటి నుంచి ఈ ప్రాంతంలో నాలుగు గొంతుల కీర్తనలు, వాటికి ఆర్గన్, తర్వాత కీబోర్డు నడుస్తూనే ఉన్నాయి. చర్చి కీబోర్డు వాయించే కుర్రాడికి కార్డులు వేళ్ల మీద ఉంటాయి, శ్రుతి మార్చమంటే అప్పటికప్పుడు మారుస్తాడు, పాడేవాళ్ల ఊపిరి కనిపెడతాడు. అతనికి నేర్పాల్సింది సెవెన్ కార్డులు, స్వింగ్. అది ఆరు నెలల పని. ఆర్కెస్ట్రా కీబోర్డిస్టుకు విడిగా నేర్పాల్సినవే ఎక్కువ, ఎందుకంటే రికార్డులో ఉన్నది ఉన్నట్టు దించడం అతని విద్య. డ్రమ్మర్ లేకపోయినా పర్వాలేదు. కీబోర్డు, బాస్ గిటార్, మీరు, ముగ్గురు చాలు.

చెన్నై వెళ్లి అక్కడి బ్యాండువాళ్లతో పాడేటప్పుడు రిహార్సల్ దొరకదు. అప్పుడు కాపాడేది లీడ్ షీట్ అనే ఒక పేజీ కాగితం. పైన పాట పేరు, మీ శ్రుతి, నడక వేగం అంకెల్లో, స్వింగో, బోసానోవానో (బ్రెజిల్ నడక), బాలడో ఒక్క మాట. కింద బార్ల గీతల్లో కార్డులు, వీలైతే స్వరం. ఎత్తుగడ ఎన్ని బార్లు, ఎవరు వాయిస్తారు, ముగింపు ఎలా అన్నది ఎర్ర సిరాతో. నాలుగు కాపీలు. టెనర్ శాక్సోఫోన్ ఉంటే వాళ్ల కాపీ రెండు మెట్లు పైకి రాయాలి, అంటే మీది ఎఫ్ అయితే వాళ్లకు జి. ఆల్టో అయితే తొమ్మిది మెట్లు పైకి, వాళ్లకు డి. రాయడం రాకపోతే మీ కీబోర్డిస్టుతో రాయించుకోండి, కానీ చదవడం మీకూ రావాలి. నోటి పాఠంగా నేర్చుకున్నవాళ్లు ఇక్కడ మొరాయిస్తారు. కార్డు పేర్లు, బార్లు లెక్కపెట్టడం వరకు చదవడం నేర్చుకోవడానికి నెల చాలు.

స్టేజీ మీద పాట మొదలుపెట్టేది గాయకుడే. లోపల రెండు బార్లు పాడుకుని, వేగం తేలాక, ఒకటి, రెండు, ఒకటి-రెండు-మూడు-నాలుగు అని చెప్పండి. తొందరపడి లెక్కపెట్టేసి, ఆ వేగంలో మాటలు పట్టక ఇబ్బందిపడటం కొత్తవాళ్లలో మామూలే. ఆ తర్వాత అంతా సైగలే: అరచేత్తో తల మీద తట్టుకుంటే మళ్లీ పాట మొదటికి వెళ్దామని, పిడికిలి చూపితే ముగిద్దామని, నాలుగు వేళ్లు చూపితే నాలుగేసి బార్లు ఒకరి తర్వాత ఒకరు వాయిద్దామని.

ఇతర కళల నుంచి వచ్చేవాళ్లు

హరికథ చెప్పేవాళ్లకు ఇదంతా సగం తేలిక. చేతిలో చిరతలు, కాలికి గజ్జెలు, పాటకూ మాటకూ మధ్య జారుకోవడం వాళ్ల రోజువారీ పని. పాటకూ పాటకూ మధ్య జనంతో మాట్లాడటంలో వాళ్లను మించినవాళ్లు లేరు. బుర్రకథవాళ్లకు తాళం గట్టిది, గొంతు మాత్రం బాగా తగ్గించాలి. కూచిపూడి చేసినవాళ్లకు లెక్క చెప్పనక్కర్లేదు, స్వరస్థానం మీద ఎక్కువ పని పడుతుంది.

మొదటి ప్రదర్శనలు, డబ్బు, ప్రయాణం

పన్నెండు పాటలు సిద్ధమయ్యేదాకా ఎవరినీ అవకాశం అడగొద్దు. మూడు బాలడ్లు, నాలుగు మధ్యస్థపు స్వింగులు, రెండు బ్లూస్, రెండు బోసానోవా, ఒకటి వేగంగా నడిచేది. ఒక విడతకు, అంటే 45 నిమిషాల సెట్‌కి ఎనిమిదో తొమ్మిదో పడతాయి. అన్నీ ఒకే శ్రుతిలో, ఒకే వేగంలో ఉన్నాయేమో చూసుకోండి. పద్యం అలవాటు వల్ల బాలడ్లు ఎక్కువైపోతాయి, మూడో బాలడ్‌కి హోటల్లో జనం కబుర్లలో పడతారు.

వీడియో మూడు పాటలు, ఒక్కోటి రెండు నిమిషాల లోపు, ఒకే టేకులో, కూర్పులు లేకుండా. పిలిచేవాళ్లు చూసేది స్టేజీ మీద ఇలాగే పాడతారా లేదా అని. అందులో వేషం వేసుకున్న ఫోటోలు, కిరీటం పెట్టుకుని పాడిన పద్యం కలపొద్దు. మీ నాటక నేపథ్యం పరిచయంలో ఒక్క వాక్యంగా ఉంటే చాలు. పాట మధ్యలో పద్యం దూర్చి కొత్తదనం అనిపించుకోవాలనే సరదా కూడా వద్దు. ఒకసారి చప్పట్లు పడతాయి, రెండోసారి పిలుపు రాదు.

నెల్లూరు నుంచి చెన్నై దాదాపు 175 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి 290. వెళ్లడానికి పినాకిని ఎక్స్‌ప్రెస్ రైలు బాగానే ఉంటుంది గానీ తిరుగు పినాకిని చెన్నైలో మధ్యాహ్నం బయల్దేరుతుంది, పాట రాత్రి పదకొండుకు అవుతుంది. కాబట్టి ఒప్పుకునేటప్పుడే రాత్రి బసో, రాత్రి రైలు టికెట్టో మాట్లాడుకోండి. ఎన్ని సెట్లు, ఒక్కోటి ఎంతసేపు, భోజనం, కీబోర్డు వాళ్లదా మీదా, మానిటర్ ఉందా, సగం అడ్వాన్సు ఎప్పుడు, మిగతా సగం ఆ రాత్రికేనా, ఇవన్నీ వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉండాలి. నాటకం కాంట్రాక్టరుతో నోటిమాట మీద నడిచిన పద్ధతి ఇక్కడ నడవదు.

పాటల హక్కుల సంగతి కూడా అడగండి. మన చట్టం ప్రకారం పాట రాసినవాళ్లు, వరస కట్టినవాళ్లు పోయిన తర్వాత 60 ఏళ్లు దాకా హక్కు ఉంటుంది. ప్రదర్శనకు ఐపీఆర్ఎస్ (పాటల హక్కుల సంఘం) లైసెన్సు సాధారణంగా హోటలో, కార్యక్రమం పెట్టేవాళ్లో తీసుకుంటారు. తీసుకున్నారో లేదో తెలుసుకోండి. హక్కు ఉన్న వరసకు సొంతంగా తెలుగు మాటలు కట్టి విడుదల చేయాలంటే అనుమతి కావాలి, స్టేజీ లైసెన్సు దానికి చాలదు.

యునెస్కో ప్రకటించిన అంతర్జాతీయ జాజ్ దినం ఏప్రిల్ 30. కొత్త గాయకులకు అవకాశం దొరికే రోజుల్లో అది ఒకటి. అదే సమయానికి మన వైపు శ్రీరామనవమి, తిరునాళ్ల నాటకాల సీజను నడుస్తుంటుంది. రెండూ వదులుకోలేకపోతే తెల్లవార్లూ నాటకం పాడిన తర్వాత కనీసం రెండు రోజులు విడిచి జాజ్ ఒప్పుకోండి. అలిసిన గొంతుతో గట్టిగా పద్యం లాగేయొచ్చు, మెల్లగా పాడటం మాత్రం కుదరదు. గాలి లీకవుతుంది, కింది స్వరాలు పలకవు. ఆ రెండు రోజులూ గుసగుసగా మాట్లాడొద్దు, అది గొంతుకు విశ్రాంతి కాదు. తక్కువ మాట్లాడండి, నీళ్లు తాగుతూ ఉండండి, పాట నోటితో కాకుండా మెట్రోనోమ్ టిక్కు మీద మనసులో పాడుకోండి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే కషాయాలు ఆపి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి, స్వరపేటికను కెమెరాతో పరీక్ష చేయించుకోండి.